ద్రౌపది అడిగిన ప్రశ్న, ఆట నడిపే మనిషి



ఎండాకాలం వచ్చిందంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఎక్కడో ఒకచోట భారతం జరుగుతూనే ఉంటుంది. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజుల పండగ. పగలు హరికథ, రాత్రి పొద్దుపోయాక వీధినాటకం. బకాసురుడికి బండెడన్నం ఊరంతా తిరుగుతుంది. అర్జునుడి వేషగాడు నిట్టనిలువు తపస్సు మాను మీదికి పాడుకుంటూ ఎక్కి, పైనుంచి నిమ్మపండ్లు, విభూతి విసురుతాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు కొంగు పట్టి కూచుని ఉంటారు. చివరి రోజు నేల మీద మట్టితో దుర్యోధనుడి పెద్ద బొమ్మ చేస్తారు. భీముడి వేషగాడు తొడ మీద గదతో కొడితే, అన్నాళ్ళూ జుట్టు విరబోసుకున్న ద్రౌపది ముడి వేసుకుంటుంది. ఆ సాయంత్రం అగ్నిగుండం.

ఈ కథలో ఒక ఘట్టం ఆటల గురించి ఆలోచించేవాళ్ళను వదిలిపెట్టదు. అది జూదం. అందరికీ శకుని పాచికలు గుర్తుంటాయి కానీ, పాచికలు కదలక ముందే అక్కడ ఒక పేచీ వచ్చింది. పందెం ఒడ్డేది తాను, పాచికలు వేసేది మామ అన్నాడు దుర్యోధనుడు. ఒకరి బదులు ఇంకొకరు ఆడటం సరైన పద్ధతిగా లేదే అన్నాడు ధర్మరాజు. అని, ఆడటానికి కూచున్నాడు. ఆ అభ్యంతరం మీద ఎవరూ తీర్పు చెప్పలేదు. తర్వాత అన్నీ పోయాయి. సంపద, తమ్ముళ్ళు, తాను, చివరికి ద్రౌపది. సభకు రమ్మని వచ్చిన ప్రాతికామిని ద్రౌపది వెనక్కి పంపుతూ ఒక ప్రశ్న అడిగి రమ్మంది. ఆయన ముందు తనను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా? తనను తానే పోగొట్టుకున్న మనిషికి ఇంకొకరిని పందెం ఒడ్డే హక్కు ఉంటుందా అని.

ఆ ప్రశ్న వెనక ఒక మనిషి మానం, ప్రాణం ఉన్నాయి. అయినా దాని రూపం మాత్రం అచ్చంగా ఆట నియమం గురించిన ప్రశ్నే. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని, తేల్చి చెప్పలేనని అన్నాడు. దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచి ఆమెను ఓడినట్టు కాదన్నాడు, కర్ణుడు అతని నోరు మూయించాడు. పైన కూచున్న ధృతరాష్ట్రుడు గెలుస్తున్నవాడికి తండ్రి. ఆటకు నియమాలు ఉన్నాయి, పాచికలు ఉన్నాయి, పెద్దలు సభ నిండా ఉన్నారు. ఏ పక్షమూ లేకుండా ‘ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు’ అని చెప్పే మనిషి ఒక్కరు లేకపోయారు.

ఆ ఒక్క మనిషి చుట్టూనే అల్లుకున్న ఆట ఒకటి ప్రపంచంలో ఇప్పుడు లక్షలమంది ఆడుతున్నారు. దాని పేరు టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్. మన మాటల్లో చెప్పాలంటే కూచున్నచోటే వేషం కట్టే ఆట. అందులో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అన్నిటికన్నా పేరున్నది. ఇంటర్నెట్ పుణ్యమా అని ఆ పేరు మన ఊళ్ళ కాలేజీ పిల్లలు కూడా వినే ఉంటారు. బోర్డు ఉండి తీరాలని లేదు, తెర అక్కర్లేదు, కరెంటు పోయినా ఆట ఆగదు. నలుగురైదుగురు కూచుంటారు. ఒకరు తప్ప అందరూ తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఆ మిగిలిన ఒకరు గేమ్ మాస్టర్. చుట్టూ ఏముందో చెప్పేది, ఎదురుపడ్డ ప్రతి మనిషి గొంతుతోనూ మాట్లాడేది, తగువొస్తే తీర్చేది ఆ ఒకరే.

వినడానికి తేలిగ్గా తోచినా, ఇది ఎలా నడుస్తుందో తెలియాలంటే ఒక ఆట చూడాలి. తిరుపతిలో ఒక మేడ మీద గది అనుకుందాం. ఆట నడిపేది చరిత్ర చదువుకున్న ఒక అక్క. ఆడేది నలుగురు పిల్లలు. కథ మన పక్కదే. సంవత్సరం 1614. చంద్రగిరి, వేలూరు కోటల నుంచి ఏలిన వెంకటపతిరాయలు కన్నుమూశాడు. ఆయన ఎంచిన వారసుడు శ్రీరంగరాయలను, అతని భార్యాబిడ్డలను జగ్గరాయడనే సామంతుడు వేలూరులో బంధించాడు. బయట యాచమనాయకుడనే మరో సామంతుడు వాళ్ళను కాపాడే దారి వెతుకుతున్నాడు. చరిత్రలో ఏం జరిగిందో మనకు తెలుసు. శ్రీరంగరాయల కొడుకుల్లో ఒకడు, రాముడనే పన్నెండేళ్ళవాడు, బట్టలుతికే మనిషి సాయంతో కోట దాటాడు. తర్వాత ఆ కుటుంబంలో మిగిలింది ఆ ఒక్క పిల్లవాడే. ఆ కాలపు బరాదాస్ అనే పోర్చుగీసు పాదిరీ ఈ సంగతి రాసిపెట్టాడు.

పిల్లల్లో ఒకరు యాచమనాయకుడి బంటు, ఒకరు కోటలో కావలివాడు, ఒకరు వంటశాలలో పనిచేసే ముసలమ్మ, ఒకరు బట్టలుతికే మనిషి. పని ఒక్కటే. తెల్లారేలోగా పిల్లవాడు బయట ఉండాలి. అక్క కోట వర్ణించి, అందరి మొహాలూ చూసి అడుగుతుంది: “ఇప్పుడేం చేస్తారప్పా?”

చరిత్రలో జరిగినట్టే చేయాలని వాళ్ళకేం లేదు. వీధినాటకానికీ ఈ ఆటకూ తేడా అదే. భారతంలో పద్దెనిమిదో రోజు దుర్యోధనుడు పడి తీరాలి, అది చూడటానికే ఊరు ఊరంతా వస్తుంది. ఇక్కడ చివర ఏమవుతుందో నడిపే అక్కకు కూడా తెలియదు. వంటశాల ముసలమ్మ వేషంలో ఉన్న అమ్మాయి, “అక్కా, కందకం పక్క పశువుల కొట్టం ఉందన్నావు గదా, ఆవుల తలుగులన్నీ కోసేస్తాను. కావలివాళ్ళు వాటెంబడి పడతారు,” అంటుంది. నియమాల పుస్తకంలో ఆవుల సంగతి లేదు. అక్క చెప్పాలి. కుదురుతుందా? కుదిరితే ఎంత కష్టం? పాచిక ఎంత పడాలి?

ఇరవై ముఖాల పాచిక మీద పదిహేనో అంతకన్నా ఎక్కువో పడాలి అని అక్క అంటే, ముసలమ్మకు నూటికి ముప్పై పాళ్ళు అవకాశం ఇచ్చినట్టు. ఏడు చాలు అంటే డెబ్బై పాళ్ళు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, కొత్తగా ఆట నడిపేవాళ్ళు దాదాపు అందరూ దీని దగ్గర తడబడతారు. కొట్టం తలుపు తీయడానికి ఒకసారి, తలుగులు కోయడానికి ఒకసారి, ఆవులను అదిలించడానికి ఒకసారి, ఇలా మూడుసార్లు ఏడు చొప్పున అడిగారనుకోండి. ఒక్కోటి తేలికే. మూడూ వరసగా నెగ్గడం మాత్రం నూటికి ముప్పైనాలుగు పాళ్ళే. అక్క మనసులో ‘ఇది సులువైన పని’ అనుకుంటూనే పనిని చేజేతులా కష్టం చేసేసింది. నియమం తప్పలేదు. పాచికలో దోషం లేదు. ఎప్పుడు వేయించాలో, ఎప్పుడు ‘సరే, ఆవులు బయటపడ్డాయి’ అని ఊరుకోవాలో తెలియకపోవడమే దెబ్బ తీసింది.

ఆట నడిపే మనిషి ముఖ్యమా, నియమాల పుస్తకం ముఖ్యమా అనే వాదం ఈ ఆటలు పుట్టక ముందు నుంచే ఉంది. దాని మొదలు ప్రష్యా సైన్యంలో కనిపిస్తుంది. 1824లో రైస్విట్జ్ అనే ఫిరంగిదళం లెఫ్టినెంటు, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడను మెరుగుపరచి నియమావళి అచ్చువేశాడు. దాన్ని క్రీగ్‌స్పీల్ అన్నారు. నిజమైన భూపటం, దాని మీద దళాలను చూపే చిన్న దిమ్మెలు. రెండు పక్షాలవాళ్ళూ ఎదురెదురుగా ఎత్తులు వేయరు, ఆజ్ఞలు కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇస్తారు. దిమ్మెలు కదిపేదీ, ఎవరికి ఏది కనబడుతుందో చెప్పేదీ, పాచిక వేసి నష్టం లెక్కగట్టేదీ మధ్యవర్తే. జనరల్ స్టాఫ్ అధిపతి మ్యూఫ్లింగ్ ఒకసారి చూసి, దీన్ని సైన్యమంతటా నేర్పాలని పట్టుబట్టాడు.

అయితే ఆ పుస్తకం బరువు ఎక్కువైంది. లెక్కల పట్టికలు తిప్పేసరికి యుద్ధం చల్లారిపోయేది. 1876లో వెర్డి దు వెర్నువా అనే సేనాని ఒక చిన్న పుస్తకం రాసి, పట్టికలన్నీ పక్కన పెట్టమన్నాడు. యుద్ధం తెలిసిన మధ్యవర్తి ఉంటే అతని అనుభవమే చాలు, ఏం జరుగుతుందో అతనే చెబుతాడు అన్నాడు. ఆట వేగం పుంజుకుంది. దాంతోపాటు ఇంకో చిక్కు వచ్చిపడింది. మధ్యవర్తికి అనుభవం లేకపోతే? ఒక పక్షం మీద మొగ్గు ఉంటే? అనుభవం ఉన్నా, ఆయన నమ్మిన యుద్ధనీతి ఒక్కటే గెలిచే నీతిగా మారిపోతే? పుస్తకమే నడిపిస్తే ఆట నత్తనడక అవుతుంది. మనిషే నడిపిస్తే ఆ మనిషి ఎంతటివాడైతే ఆట అంతటిది. వాదం ఈ రెండు చివర్ల మధ్య ఈనాటికీ ఊగుతూనే ఉంది.

1880లో అమెరికా సైనికాధికారి టాటెన్ రాసిన ‘స్ట్రాటెగోస్’ అనే యుద్ధక్రీడల పుస్తకం సుమారు తొంభై ఏళ్ళ తర్వాత మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యువకుడి కంటబడింది. ఆటగాడు ఏ పని తలపెట్టినా సరే, ఫలితం మధ్యవర్తి చెప్పవచ్చు అనే ఊహ అతన్ని పట్టుకుంది. 1969లో అతను బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్నం చుట్టూ నెపోలియన్ కాలపు యుద్ధం ఒకటి సిద్ధం చేశాడు. యుద్ధానికి ముందు సరదాగా ఉంటుందని, వచ్చినవాళ్ళకు పట్నం మేయరు, బ్యాంకరు లాంటి వేషాలు ఇచ్చాడు. వాళ్ళు యుద్ధం ఊసే మరిచారు. గుంపులు గుంపులుగా చేరి బేరాలాడుకున్నారు, కుట్రలు పన్నారు, ఇద్దరు ద్వంద్వయుద్ధానికి దిగారు. తన దగ్గర నియమాలు లేని పనులన్నీ వాళ్ళు అడుగుతుంటే వెస్లీ అప్పటికప్పుడు తోచింది చెబుతూ పోయాడు. అంతా గందరగోళమైంది, ఆట చెడిపోయింది అనుకున్నాడు. ఆడినవాళ్ళేమో మళ్ళీ ఎప్పుడని వెంటబడ్డారు.

ఆ వెంటబడ్డవాళ్ళలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. అతను బ్లాక్‌మూర్ అనే సొంత లోకాన్ని కట్టి ఆట నడిపాడు. అతనికి విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్ తోడయ్యాడు. 1974లో ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడింది. మొదట వేసింది వెయ్యి ప్రతులు. అందులో ఖాళీలు బోలెడు, పూడ్చుకునే పని ఆడేవాళ్ళదే. 1979 నాటికి ఆట నడిపేవాళ్ళ కోసమే విడిగా లావుపాటి పుస్తకం వచ్చింది. లోలకం మళ్ళీ పుస్తకం వైపు జరిగింది.

ఇక నియమాల సమతూకం సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి మనవాళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు. గుళ్ళ మండపాల్లో, రచ్చబండల దగ్గర రాతి పలకల మీద గీసిన పులిజూదం గీతలు చూస్తే చాలు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపగలదు, మేక ఎవరినీ చంపలేదు. పదిహేను మేకలూ దిగేవరకు దిగిన మేక కదలడానికి కూడా లేదు. చూసే కంటికి ఇంతకన్నా అన్యాయం ఉండదు. అయినా ఓపికగా దారులు మూస్తూ పోతే మేకలు మూడు పులులనూ కదలకుండా కట్టేస్తాయి. ఎన్ని మేకలు పోతే ఆట పోయినట్టు అనేది ఒక్కో ఊరిది ఒక్కో లెక్క. ఆ లెక్క ఎవరో పండితులు పెట్టింది కాదు, తరాల తరబడి ఆడి, ‘ఇట్లయితే పులికి మరీ సులువైపోతోంది’ అని సరిచేసుకుంటూ వచ్చింది. నేపాలులో ఇలాంటిదే ‘బాగ్‌చాల్’ ఉంది. నాలుగు పులులు, ఇరవై మేకలు. లిమ్, నీవెర్గెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటరుతో దాని లోతులన్నీ తవ్వి చూస్తే, రెండు పక్షాలూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరని తేలింది. ఏ కంప్యూటరూ లేకుండా, కేవలం ఆడి ఆడి ఆ తూకానికి చేరుకున్న మనుషులను తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

సమతూకం అంటే అందరికీ ఒకే బలం పంచడం అనుకుంటే పులిజూదం ఎప్పటికీ అర్థం కాదు. మేక చేసే ప్రతి ఎత్తుకూ విలువ ఉండాలి, అంతే కావలసింది. వేషం కట్టే ఆటల రూపకర్తలు దీని కోసం యాభై ఏళ్ళుగా కుస్తీ పడుతున్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత కూర్పుల్లో మాంత్రికుడి వేషం కట్టినవాడు మొదట్లో ఒక్క దెబ్బకు పడిపోయేవాడు. ఆట పెరిగేకొద్దీ ఆకాశానికి లేచేవాడు. పక్కనే కత్తి పట్టినవాడు మొదట మొనగాడు, చివరకు మాంత్రికుడి వెనక మూటలు మోసేవాడు. 2000లో వచ్చిన మూడో కూర్పు, ఎదురయ్యే రాక్షసుల బలానికి అంకెలు కట్టి, నలుగురి జట్టుకు ఏది సరిజోడో ముందే లెక్క వేసుకునే వీలు ఇచ్చింది. 2008 నాటి నాలుగో కూర్పు ఇంకా ముందుకు పోయి, అన్ని వేషాలనూ ఒకే కొలతబద్దకు తెచ్చింది. తూకం కుదిరింది. ఎవరి వేషం కట్టినా ఒకేలా ఉందే అని చాలామంది మొహం చిట్లించారు. 2014లో వచ్చిన అయిదో కూర్పు కొంత వెనక్కి తగ్గి, మళ్ళీ నడిపేవాళ్ళ తీర్పుకు చోటిచ్చింది.

వేలూరు కోటలో దీన్నే చూడవచ్చు. నియమాలన్నీ కత్తిసాము చుట్టే రాసి ఉంటే బంటు వేషం కట్టిన పిల్లవాడు రాత్రంతా వెలిగిపోతాడు. బట్టలుతికే మనిషి వేషం కట్టిన పిల్లవాడు ఫోను చూసుకుంటూ కూచుంటాడు. నిజానికి ఆ కోటలో ఏ గదిలోకైనా అడ్డులేకుండా పోగలిగింది అతను ఒక్కడే. రాణివాసం మూటలు విప్పి చూసే ధైర్యం ఏ కావలివాడికీ ఉండదు. ఏ మూట ఎవరిదో, ఏ గుమ్మంలో ఏ పూట ఎవరుంటారో అతనికి తెలుసు. ఆ తెలివిడికి ఆటలో విలువ కట్టే నియమం ఉండాలి. లేకపోతే, ఆ విలువ చూడగలిగిన కన్ను అక్కకైనా ఉండాలి. నాలుగు శతాబ్దాల కింద ఆ పిల్లవాణ్ణి కోట దాటించింది కత్తి కాదు, బట్టల మూట. ఆ సంగతి పట్టించుకోని ఆట ఎంత ఖరీదైన పుస్తకంతో వచ్చినా వెలితి వెలితే.

మరి ఆ కన్ను ఎట్లా వస్తుంది? తెలుగువాళ్ళకు దీని జవాబు అవధానసభలో దొరుకుతుంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒక్క మనిషి చుట్టూ కూచుంటారు. ఒకరు అర్థం పొసగని పద్యపాదం సమస్యగా ఇస్తారు. ఒకరు సంబంధం లేని నాలుగు మాటలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమంటారు. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అవధాని నోట ఒక్కో అక్షరం వెలువడగానే తర్వాత రాబోయే అక్షరాన్ని ఊహించి వద్దంటారు. ఈలోగా ఎవరో గంట కొడుతుంటారు, అది లెక్కపెట్టాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యమధ్య అడ్డు తగిలి ఏకాగ్రత చెదరగొడతారు. తిరుపతి వేంకట కవులుగా పేరుపొందిన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి ఊరూరా తిరిగి దీన్ని జనం ఆట చేశారు. మన తిరుపతిలో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు సంచాలకులుగా పనిచేసిన మేడసాని మోహన్ అయిదు వేల మంది పృచ్ఛకుల దాకా తీసుకుపోయి పంచసహస్రావధాని అనిపించుకున్నారు.

జనం కళ్ళన్నీ అవధాని మీద ఉంటాయి, న్యాయమే. ఒక్కసారి పృచ్ఛకుణ్ణి చూడండి. అతని చేతిలో అవధానిని ఓడించే శక్తి ఎప్పుడూ ఉంటుంది. తెలుగులో మాటే దొరకని చోట అక్షరం నిషేధిస్తే పద్యం అక్కడే చచ్చిపోతుంది. సభ కూడా దాంతోపాటే పోతుంది. అందుకే నిషేధం ఎన్ని పాదాల వరకో ముందే అనుకుంటారు. మంచి పృచ్ఛకుడు సమస్య ఇచ్చేముందు తానొక పూరణ రాసుకుని వస్తాడు, దారి ఉందని తనకు తెలియాలి కనుక. సులువుగా ఇస్తే అవధానికి అవమానం, అసాధ్యం ఇస్తే తనకు. ఈ రెంటికీ మధ్య సన్నని గట్టు మీద నడవడమే అతని విద్య. వీళ్ళందరినీ కలిపి నడిపే సంచాలకుడు ఇంకొకరు. ఎవరి వంతు ఎప్పుడో, ఏ పృచ్ఛకుడు హద్దు మీరుతున్నాడో, సభ ఎక్కడ నీరసపడుతోందో చూసుకునేది ఆయనే. గేమ్ మాస్టర్ అనే మనిషిలో ఈ పృచ్ఛకుడూ, ఈ సంచాలకుడూ ఇద్దరూ ఉండాలి.

వెనక్కి వేలూరుకు వస్తే, అక్కకు ముందుగా కావలసింది వినే చెవి. పిల్లలు తమలో తాము గుసగుసలాడేటప్పుడే వాళ్ళకు ఏం కావాలో బయటపడుతుంది. రెండోది, ప్రమాదాన్ని ముందే చూపించడం. కందకంలో మొసళ్ళున్నాయని దూకిన తర్వాత చెబితే అది మోసం. దూకకముందు నీళ్ళమీద ఏదో కదిలినట్టు చెబితే అది ఆట. ఓడినా కథ కదలాలి అనేది మూడోది. పాచిక తప్పి ఆవులు బయటికి రాకపోతే ‘ఏమీ జరగలేదు’ అని ఊరుకుంటే ఆట అక్కడే నిలిచిపోతుంది. కొట్టం కాపరి నిద్రలేచి, ముసలమ్మను గుర్తుపట్టి, “ఏందవ్వా ఈ వేళప్పుడు?” అంటే ఇప్పుడు కొత్త చిక్కు, కొత్త మాట, బహుశా కొత్త స్నేహితుడు.

ఈ చివరి సంగతిని నియమంలోకే ఎక్కించిన ఆట ఉంది. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’. మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. పదో అంతకన్నా ఎక్కువో పడితే అనుకున్నది అవుతుంది. ఏడు నుంచి తొమ్మిది పడితే అవుతుంది కానీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఆరో అంతకన్నా తక్కువో పడితే నడిపేవాళ్ళ చేతికి పగ్గాలు పోతాయి. వేషానికి ఏ అదనపు అంకే కలపకపోతే ముప్పైఆరు పాళ్ళలో పదిహేను గండానికి, పదిహేను ఆ నడిమి ఫలితానికి, ఆరు మాత్రమే పూర్తి గెలుపుకు. ఆ ఆటలో నడిపేవాళ్ళు అసలు పాచికే ముట్టరు. దానికి బదులు వాళ్ళు ఏ సూత్రాలకు కట్టుబడి మాట్లాడాలో పుస్తకంలో నియమంగా రాశారు. మధ్యవర్తి నేర్పును గాలికి వదలకుండా, ఆ నేర్పులో నేర్పదగినదాన్ని రాసి చేతికివ్వడం గొప్ప మలుపు. వెర్డి తెచ్చిన స్వేచ్ఛకూ రైస్విట్జ్ కట్టుదిట్టానికీ మధ్య ఇంత చక్కటి ఒడంబడిక అంతకుముందు కుదరలేదనే చెప్పాలి.

ఒక విషయంలో ఆట నడిపేవాళ్ళు రెండు వర్గాలుగా చీలిపోయి ఉన్నారు. చాలామంది చిన్న అట్ట అడ్డం పెట్టుకుని దాని వెనక పాచిక వేస్తారు. చెడ్డ అంకె పడి పిల్లవాడి పాత్ర చచ్చిపోయేలా ఉంటే, కథ కోసం అంకె మార్చి చెప్పడం తప్పు కాదంటారు కొందరు. వాళ్ళ మనసు మంచిదే. కానీ ఒకసారి ఆ సంగతి తెలిసిపోయాక ఆ బల్ల మీద ఏ గెలుపుకూ విలువ ఉండదు. ముసలమ్మకు ఇరవై పడి గది ఎగిరిపోయేలా కేకలు వేసినప్పుడు, అది నిజంగానే ఇరవై అయి ఉండాలి. పాచిక అందరి ముందూ పడాలి. పడిన అంకె ఇష్టం లేదనిపిస్తే అసలు వేయించకుండా ఉండాల్సింది. శకునితో ఆడినవాళ్ళ వారసులకు ఈ మాట వేరే చెప్పాలా?

నియమం ఎక్కడ తెగిపోయిందో అక్కడ తీర్పు చెప్పాల్సి వచ్చినప్పుడు, అనుభవం ఉన్నవాళ్ళు పాటించే పద్ధతి ఒకటుంది. ఆటను అరగంట ఆపి పుస్తకం తిరగెయ్యరు. ‘ఈ రాత్రికి ఇట్లా అనుకుందాం, రేపు కూచుని మాట్లాడుకుందాం’ అని ముందుకు పోతారు. మర్నాడు నిజంగానే కూచుంటారు. ఆవులను వదలడం ఎంత కష్టమో ఆ బల్ల వరకు ఒక ఆనవాయితీ ఏర్పడుతుంది. మరోసారి ఎవరు అడిగినా, అక్క సొంత తమ్ముడే అడిగినా, జవాబు అదే. పులిజూదంలో ఊరికో లెక్క ఇట్లాగే పుట్టి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు మాట్లాడుకోవలసినవి కూడా ఉన్నాయి. ఏ కథలు ఆడదాం, ఏవి వద్దు, ఎవరికి ఏది బాధ కలిగిస్తుంది? దీని కోసం ప్రత్యేకంగా ఒక పూట కేటాయించే అలవాటు ఈ ఆటల్లో బాగా స్థిరపడింది. ఎవరైనా తట్టుకోలేనిది వస్తే కారణం చెప్పనక్కర్లేకుండా బల్ల మీది కార్డు తాకితే చాలు, ఆ ముచ్చట అక్కడితో ఆగిపోతుంది. సభలో వద్దని మొత్తుకున్నా ఎవరూ మాట వినని ఆడమనిషిని దేవతగా కొలిచే మన ప్రాంతంలో, ఈ చిన్న అట్టముక్క విలువ ఇట్టే తెలుస్తుంది.

ఖర్చు గురించి భయపడనక్కర్లేదు. పది రకాల రంగుల పాచికలు, బొమ్మలు లేకపోయినా ఆట నిలుస్తుంది. ఇంట్లో ఆరు గవ్వలుంటే సరి. అయితే గవ్వకు బోర్లా పడటం, వెల్లకిలా పడటం సమానం కాదు. ముందు ఒక వందసార్లు వేసి, ఎన్ని వెల్లకిల పడుతున్నాయో కాగితం మీద గీతలు గీసుకోవాలి. అప్పుడు నాలుగు పడితే గెలుపు అనాలో, మూడు చాలనాలో తెలుస్తుంది. అలా వందసార్లు వేసిన పిల్లలకు సమతూకం గురించి ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇక భాష. మనకు దొరికే ఈ ఆటల పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నోటితో నడిచే ఆట కదా, చిత్తూరు యాసలో కావలివాడు గద్దిస్తే, నెల్లూరు యాసలో వర్తకుడు బేరమాడితే, సరిహద్దు తమిళంలో వేలూరు సిపాయి జవాబిస్తే ఆ గదిలో కోట లేచి నిలబడుతుంది. ఏ పుస్తకమూ ఆ పని చేయలేదు.

వేలూరు ఆటలో పిల్లవాడు బయటపడ్డాడనుకుందాం. ఆవుల వల్ల కాదు, మూటలోనూ కాదు. కావలివాడి వేషం కట్టిన అబ్బాయి చివరి క్షణంలో గుమ్మం వదిలి పక్కకు తప్పుకున్నాడు. అట్లా చేస్తాడని అక్క కూడా అనుకోలేదు. దుప్పట్లు మడుస్తూ వచ్చేవారం ఏం ఆడదామని మాట్లాడుకుంటుంటే, ముసలమ్మ వేషం కట్టిన అమ్మాయి జూదం సభ ఆడదామంటుంది. తాను ద్రౌపది. ఇంకొకడు వికర్ణుడు కావాలంటాడు. బంటు వేషగాడికి శకుని కావాలి.

“ఆడదాం,” అంటుంది అక్క. “కానీ దుర్యోధనుడు పందెం ఒడ్డి, పాచికలు మామ వేయొచ్చునా లేదా, ఆ సంగతి ఆట మొదలుకాకముందే తేలాలి. ఈ వారమంతా ఆలోచించుకుని రండి. శనివారం ముందు దాని మీద కూచుందాం.”

“మరి ప్రాతికామి ప్రశ్న తెచ్చినప్పుడు?” అని అడుగుతుంది ద్రౌపది.

అక్క గవ్వలు లెక్కబెట్టి డబ్బాలో వేస్తూ, “అది నన్నే అడుగు,” అంటుంది. “జవాబు నేను చెప్తాను.”